పాత కారు, పోయిన అచ్చు

అంబాసిడరు కారు ముందరి మడ్‌గార్డు సొట్టపోయినచో దానిని సరిచేయగల చేతులు విజయవాడ ఆటోనగరులో నేటికిని కలవు. టింకరింగు పనివాడు రేకు వెనుక ఇనుపదిమ్మెను ఆనించి, సుత్తితో మెల్లమెల్లగా తట్టుచు, పోయిన వంపును మరల రప్పించును. రేకు మరీ తుప్పుపట్టినదైనచో ఆ మేరకు కోసివేసి, క్రొత్త రేకును అతికి, అతుకు ఎచ్చటనున్నదో ఎవరికిని తెలియకుండ చేయును. కాని పాత కారులో బొటనవ్రేలంత ప్లాస్టిక్కు నాబు ఒకటి విరిగినప్పుడు, అంతటి పనివాడును దానిని అరచేతిలో పెట్టుకొని అటునిటు త్రిప్పి చూచి, ఎక్కడనైన పాత సామానుల అంగడిలో దొరకునేమో వెదకుడని చెప్పి, యజమానికే తిరిగి ఇచ్చివేయును.

ఈ భేదమునకు మూలము, ఆ వస్తువు రూపము ఎచ్చట నివసించుచున్నదన్న దానిలో నున్నది. రేకు రూపము కొంత యంత్రములోను, కొంత పనివాని చేతిలోను ఉండును గనుక యంత్రము పోయినను చేయి మిగులును. ప్లాస్టిక్కు వస్తువు రూపమన్ననో, ఉక్కులో చెక్కిన అచ్చులో, కర్మాగారములవారు ‘డై’ అని పిలుచుదానిలో, మాత్రమే ఉండును. రెండువందల డిగ్రీలకు మించిన వేడిమిలో కరిగిన పదార్థమును గొప్ప ఒత్తిడితో ఆ డైలోనికి ఎక్కించి, చల్లార్చి, కొద్ది క్షణములలోనే వస్తువును వెలికిదీయు పద్ధతి ఇది. లక్షల ముక్కలు తీయువానికి ఒక్కొక్కదాని వెల అత్యల్పమగును. పది ముక్కలు చాలునన్నవానికి ఆ డై వెలయే మోయరాని బరువగును. కారు తయారీ ఆగిపోయిన పిమ్మట కొంతకాలము విడిభాగములను అందించి, తరువాత ఆ బరువైన డైలు చోటును ఆక్రమించుచున్నవని తుక్కుక్రింద తూచి అమ్మివేయుట పరిశ్రమలో సాధారణముగా జరుగు పని. ఆనాటినుండి, ఆ వస్తువు ఎట్లుండెనో చెప్పగల సాక్షులు, పాత కార్లలో మిగిలిన ముక్కలే.

1983 డిసెంబరు 14వ తేదీన తొలి మారుతి 800 కారు తాళపుచెవులు యజమాని చేతికి అందిన నాడు, మన రోడ్లమీద తిరుగుచున్న అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని కార్లు 1950ల నాటి విదేశీ కార్ల సంతతివి. వాటి శరీరమంతయు ప్రధానముగా ఇనుమే. ఎస్.ఎస్.80 అని పిలువబడిన ఆ తొలి మారుతితో, తేలికదనము కొరకు ప్లాస్టిక్కును ధారాళముగా వాడిన యుగము మన మధ్యతరగతి ఇండ్ల ముంగిటికి వచ్చినది. ఆ తొలి కార్లు జపానునుండి సుజుకి వారి విడిభాగములుగా వచ్చి ఇచ్చట కూర్పబడినవి. 1986లో రూపము మారిన కారు వెలువడుటతో మొదటి కారు ముక్కలకు మార్కెట్టులో గిరాకి తగ్గి, అవి క్రమముగా కనుమరుగైనవి. అంబాసిడరును, మారుతి 800ను ఒకే సంవత్సరము, 2014లో, తయారీనుండి విరమించిరి గాని, వాటి వార్ధక్యము ఒక్కరీతిది కాదు. పాతికేండ్లు చిన్నదైన మారుతిని దాని తొలినాటి రూపమునకు తెచ్చుటయే, నా అభిప్రాయములో, ఎక్కువ కష్టము.

అచ్చు పోవుట ఒక యెత్తు, మిగిలిన ముక్కలు సయితము తమంత తాము క్షీణించుట మరొక యెత్తు. ఇనుము తుప్పుపట్టుట కంటికి కనబడును. ప్లాస్టిక్కు లోలోపల మారుచు, ఒకనాడు వ్రేలు తగులగానే పెళుసుగా విరిగిపోవును. డాష్‌బోర్డు భాగములకు విరివిగా వాడు ఎ.బి.ఎస్. అను ప్లాస్టిక్కులో దెబ్బను ఓర్చుకొను గుణమునిచ్చునది బ్యుటాడైయీను అను రబ్బరు. సూర్యకాంతియు వేడియు ప్రాణవాయువుతో కూడి మొట్టమొదట ఆ రబ్బరునే తినివేయును గనుక, వస్తువు పసుపుబారి పెళుసగును. పి.వి.సి. తొడుగులు మెత్తగా నుండుటకు కలిపిన నూనెవంటి ద్రవ్యము ఏండ్లకొలది ఆవిరియై, కొంత అద్దము లోపలివైపున జిడ్డుపొరగా పేరుకొనును. ఆ ద్రవ్యమును కోల్పోయిన తొడుగు బిగుసుకొని, కుంచించుకొని, చీలిపోవును. 1930లనుండి అమెరికా కార్ల స్టీరింగు చక్రములకు ఉక్కు కమ్మీమీద సెల్యులోజు జాతి ప్లాస్టిక్కును పోతపోసిరి. ప్లాస్టిక్కు కుంచించుకొనగా ఉక్కు ఒదుగలేదు గనుక, ఆ చక్రముల చుట్టును గాజులు తొడిగినట్లు వరుసగా పగుళ్ళు ఏర్పడినవి.

ఇట్టి స్థితిలో పునరుద్ధరణకారులకు చిరకాలముగా తోడ్పడుచున్న మార్గము సిలికోను అచ్చు. ఉక్కుడై చేయు పనిని మెత్తని రబ్బరుచే చేయించుట ఇందలి యుక్తి. మొదట విరిగిన అసలు ముక్కలను అతికి, లోపించిన భాగమును పుట్టీతో పూరించి, నీటి కాగితముతో రుద్ది, దానిని మాతృకగా సిద్ధము చేయవలెను. సిలికోను వ్రేలిముద్రను సయితము విడువక పట్టుకొనును గనుక, మాతృకపై ఉపేక్షించిన గీత ప్రతి పోతలోను పుట్టుచునే యుండును. పిదప దానిని సగము వరకు మెత్తని మట్టిలో పొదిగి, చుట్టును పలకల గోడ కట్టి, పైసగముపై సిలికోనును పోయుదురు. అది గట్టిపడిన తరువాత తలక్రిందులు చేసి, మట్టిని తొలగించి, రెండు సగములు అంటుకొనకుండ పూత పూసి, రెండవ సగమును పోయుదురు. లోపలికి ద్రవము పోవుటకు ఒక మార్గమును, గాలి వెడలుటకు సన్నని మార్గములును ముందే ఆలోచించి విడువవలెను. గాలికి దారి లేని మూలలో పోత అసంపూర్ణముగా మిగిలిపోవుట మొదటిసారి ప్రయత్నించినవారందరికిని అనుభవమే.

ప్లాటినము సహాయముతో గట్టిపడు మేలిజాతి సిలికోను చాల సుకుమారమైనది. గంధకము సోకినచో అది ఎన్ని దినములున్నను జిగటగానే యుండిపోవును. గంధకము కలిసిన నమూనా మట్టియే కాదు, సాధారణ రబ్బరు చేతితొడుగులు సయితము దానిని చెరచును. కలిపిన సిలికోనును వాక్యూమ్ పాత్రలో నుంచి గాలిని లాగివేయునప్పుడు అది పొంగుపాలవలె మూడు నాలుగు రెట్లు పైకెగసి, బుడగలన్నియు పగిలి, మరల క్రుంగును. అటుపిమ్మట సన్నని ధారగా, ఎత్తునుండి, ఒక మూలనుండి మాత్రమే పోయవలెను.

ఈ అచ్చులో పోయునది పాలియూరిథేను. రెండు ద్రవములు కలిసిన కొద్ది నిమిషములలోనే గట్టిపడు ఆ పదార్థమునకు తేమ పగ. ద్రవములలో ఒకటియగు ఐసోసైయనేటు నీటితో కలిసినప్పుడు బొగ్గుపులుసు వాయువు పుట్టి, పోతయంతయు నురుగువలె బుడగలమయమగును. మన కోస్తా జిల్లాలలో వానకాలమున ఈ పని చేయువారు గది తేమను తగ్గించుకొనక తప్పదు. ఆ ద్రవ్యపు ఆవిరి ఊపిరితిత్తులకు హానికరము, ఉబ్బసమును తెచ్చును. కిటికీలు మూసిన గదిలో, తగిన మాస్కు లేక, ఒక నాబు కొరకు ఇట్టి పనికి పూనుకొనుట నేను ఎవరికిని సూచింపను.

కొలతల సంగతి ఇంకను సూక్ష్మమైనది. చల్లారునప్పుడు ఎ.బి.ఎస్. నూటికి సుమారు అర్ధభాగము కుంచించుకొనునని తెలిసి తొలి కర్మాగారమువారు డైని ఆ మేరకు పెద్దదిగా చెక్కిరి. మనము మాతృకగా తీసికొను ముక్క అప్పటికే కుంచించుకొన్నది. దానినుండి తీసిన పోత మరికొంత చిన్నదగును. ఆ పోతను మాతృకగా చేసి మరల పోసినచో ఇంకను చిన్నదగును. నలువది సెంటీమీటర్ల పొడవైన చట్రములో నూటికి అర యన్నచో రెండు మిల్లీమీటర్లు; ఒక వైపు స్క్రూ బిగిసినచో రెండవ వైపు రంధ్రము కలియదు. కావున పోతనుండి పోతను తీయరాదన్నది ఈ వృత్తిలో పెద్ద నియమము.

ఇక త్రీడీ ముద్రణ. చక్ హల్ అను అమెరికను ఇంజనీరు ఈ విద్యలో ఒక పద్ధతికి పేటెంటు కొరకు దరఖాస్తు చేసినది 1984లో, అనగా మారుతి 800 రోడ్డెక్కిన మరుసటి యేడు. ఏ కారు ముక్కలు నేడు కరవైనవో ఆ కారును, ఆ కరవు తీర్చగల సాధనమును ఒకే కాలము ప్రసవించినట్లయినది. విరిగిన ముక్కను స్కానరుతో కొలిచి, కంప్యూటరులో విరిగినచోటును పూరించి, కుంచించుకొన్నంత పెంచి, ఎడమ ముక్క లేనిచో కుడిముక్కకు అద్దపు ప్రతిబింబమును సృష్టించుకొనవచ్చును. చవకగా దొరకు పి.ఎల్.ఎ. తీగతో ముద్రించినవాడు మాత్రము తొలి వేసవిలోనే చింతించును. అది అరువది డిగ్రీల చేరువలో మెత్తబడును. రెంటచింతల, రామగుండముల మే నెల యెండలో అద్దములు మూసి నిలిపిన కారు డాష్‌బోర్డు ఆ వేడిని సులభముగా దాటును. ఎండకు ఓర్చు ఎ.ఎస్.ఎ.యో, లేజరుతో నైలాను పొడిని పొరపొరలుగా అతికిన భాగమో అయినచో నిలుచును. ముద్రించినదానిపై సన్నని మెట్లవంటి గీతలుండును గనుక, అనుభవజ్ఞులు దానిని నునుపుచేసి, మాతృకగా మాత్రమే వాడి, సిలికోను అచ్చు తీయుదురు.

కారు తయారీదారులలోను కొందరు ఈ బాధ్యతను గుర్తించిరి. 292 మాత్రమే తయారైన తమ 959 కారుకు కావలసిన క్లచ్చి మీటను ఉక్కుపొడినుండియు, మరికొన్ని భాగములను ప్లాస్టిక్కు పొడినుండియు లేజరు ముద్రణతో సిద్ధము చేయుచున్నట్లు పోర్షే సంస్థ 2018లో ప్రకటించినది. 1989లో వెలువడిన తమ తొలి ఎం.ఎక్స్.-5 కార్లను పునరుద్ధరించు పనిని జపానులో మాజ్డా 2017లో చేపట్టి, నిలిచిపోయిన భాగములు కొన్నిటిని మరల తయారుచేయించినది. మన కంపెనీలును తమ పాత డైలను తుక్కుకు పంపకమున్నే ఆ రూపముల కొలతలనైన భద్రపరచవలెనని నా గట్టి కోరిక.

అయితే ఇంటిలో పోసిన ముక్కకు తన చోటు కలదు. నాబు, పేరుపలక, స్పీడోమీటరు చుట్టుపట్టీ, తలుపు లోపలి బిళ్ళ, ఇట్టివి చేసికొనవచ్చును. బ్రేకు, స్టీరింగు, సీటుబెల్టులకు చెందిన ఏ భాగమును చేయరాదు. 2021లో కేంద్రప్రభుత్వము నిబంధనలను సవరించి, ఏబదియేండ్లు దాటి, మూలరూపమును నిలుపుకొన్న వాహనములకు ‘వి.ఎ.’ అను అక్షరములతో ప్రత్యేకముగా నమోదు కల్పించినది. చాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పు ఉండరాదన్నది అందలి షరతు. 1983 నాటి మారుతులు 2033లో ఆ వయసునకు వచ్చును. ఇప్పుడు ఎవరింటి షెడ్డులోనైన అట్టి కారు ఉన్నచో, అందు విరిగిన ఏ ముక్కను పారవేయకుందురు గాక.

సిలికోను అచ్చు సాధారణముగా కొన్ని పదుల పోతలకు మించి బ్రతుకదు. వేడికి, రసాయనమునకు దాని అంచులు చిరిగిపోవును. అప్పుడు మరల మాతృక కావలెను. అందుచేత పని ముగిసిన పిమ్మట మాతృకను, విరిగిన అసలు ముక్కను, కొలతలు వ్రాసిన కాగితమును ఒకే డబ్బాలో, వంగిపోకుండ చదునైన పలకపై నుంచి, ఎండ సోకని చోట దాచి, డబ్బామీద కారు పేరు, సంవత్సరము, ఆ ముక్క కుడివైపుదో ఎడమవైపుదో స్పష్టముగా వ్రాసియుంచుదురు.