ప్లగ్గులో మూడో పిన్ను ఎందుకు పొడవు?

ఎండలు ముదిరితే ఢిల్లీ, నోయిడా, ఫరీదాబాద్‌లలో ఎన్నో ఇళ్ల కిటికీలకు రేకు కూలర్లు కనిపిస్తాయి. ఇనుప రేకు, నీళ్లు, 230 వోల్టుల కరెంటు ఒకేచోట ఉండే యంత్రమిది. లోపలి తీగ తొడుగు చిట్లి రేకుకు తగిలితే, కూలర్‌ను ముట్టుకున్నవారిని కాపాడేది ప్లగ్గులోని మూడో పిన్నే.

మూడు పిన్నుల ప్లగ్గును ఒకసారి గమనించండి. పైనున్న ఎర్త్ పిన్ను మిగతా రెండింటికన్నా పొడవు, లావు. పొడవు కాబట్టి ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు తగులుతుంది, తీసేటప్పుడు చివర విడిపోతుంది. లావు కాబట్టి పొరపాటున కూడా ఫేజ్ రంధ్రంలో దూరదు. రేకులోకి పాకిన కరెంటు ఈ పిన్ను ద్వారా ఎర్త్ తీగలోకి పోతుంది. అప్పుడు పెద్దమొత్తంలో కరెంటు ప్రవహించి ఫ్యూజు కాలిపోతుంది, లేదా ఎంసీబీ ఆగిపోతుంది.

ఈ గుండ్రటి పిన్నుల రూపం మనకు బ్రిటన్ నుంచి వచ్చింది. 1947లో బ్రిటన్ కొత్త ప్రమాణం తెచ్చి, ప్లగ్గులోనే ఫ్యూజు, సాకెట్ రంధ్రాలకు మూతలు పెట్టింది. మనం పాత రూపాన్నే కొనసాగించాం. న్యూఢిల్లీలోని భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) దీనికి ఐఎస్ 1293 ప్రమాణాన్ని నిర్దేశించింది. చిన్న పరికరాలకు 6 ఆంపియర్లు, గీజరు వంటి వాటికి 16 ఆంపియర్ల ప్లగ్గులు వాడతాం. ప్రపంచమంతటికీ ఒకే ప్లగ్గు ఉండాలని 1986లో అంతర్జాతీయ ప్రమాణం వచ్చినా, బ్రెజిల్, దక్షిణాఫ్రికా వంటి కొద్ది దేశాలే దాన్ని అందుకున్నాయి.

అందుకే రకరకాల ప్లగ్గులు మన గోడ దగ్గరికి చేరుతున్నాయి. యూరప్ రెండు పిన్నుల ప్లగ్గులో పిన్ను మందం 4 మిల్లీమీటర్లు. మన 6 ఆంపియర్ల పిన్నుది సుమారు 5. ఆ తేడా వల్ల పట్టు వదులై నిప్పురవ్వలు వస్తాయి, సాకెట్ వేడెక్కుతుంది. అన్ని ప్లగ్గులూ పట్టే సాకెట్‌లో ఏదీ బిగుతుగా కూర్చోకపోవచ్చు.

రెండు పొరల ఇన్సులేషన్ ఉన్న ఫోన్ చార్జరుకు రెండు పిన్నులు చాలు. కూలర్, ఫ్రిజ్, ఇస్త్రీపెట్టెలకు మాత్రం మూడూ ఉండాల్సిందే. ఎర్త్ రంధ్రంలో పెన్ను దూర్చి మూత తెరిచి రెండు పిన్నుల ప్లగ్గు పెట్టడం ప్రమాదకరం. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి. కూలర్‌లో నీళ్లు పోసేముందు స్విచ్ ఆపి ప్లగ్గు తీయండి. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ అదనపు రక్షణ.

అన్నిటికన్నా ముఖ్యం, గోడ లోపల ఎర్త్ తీగ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి. అది లేకపోతే మూడో పిన్ను ఉన్నా లేనట్లే.