జిగురుకు బ్రేక్ వేసే జన్యువు

కోడ్‌లో ఒక లైన్ తీసేసి, ఏం ఆగిపోయిందో చూడటం మనకు అలవాటేగా! 1985లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు సైనోరైజోబియం మెలిలోటి అనే బ్యాక్టీరియాపై ఇలాంటి పనే చేశారు. లూసర్న్ గడ్డి వేరు బుడిపెల్లో నత్రజనిని స్థిరీకరించే జీవి ఇది. ఒంటిచుట్టూ సక్సినోగ్లైకాన్ అనే చక్కెర జిగురు పూసుకుంటుంది. బట్టల తెలుపు పెంచే కాల్కోఫ్లోర్ కలిపి అతినీలలోహిత కాంతి వేస్తే జిగురున్న కాలనీలు మెరుస్తాయి. జన్యువు చెడినవి మెరవలేదు. వాటివల్ల బుడిపెలైతే వచ్చాయి కానీ లోపల బ్యాక్టీరియా లేదు, నత్రజనీ లేదు. ఇంత చవకైన టెస్టా అనిపించింది నాకు!

మరి జిగురు ఎక్కువైతే? దానికి బ్రేక్ ఎక్సోఆర్ జన్యువు. అది పాడైతే జిగురు పొంగిపొర్లుతుంది, అయినా బుడిపెలు చాలావరకు ఖాళీనే.

దీని జన్యుక్రమం 2001లోనే వచ్చింది, జెన్‌బ్యాంక్‌లో ఉచితం. పైథాన్ వస్తే ఈ వీకెండ్ ఎక్సోఆర్‌ను వెతికి చూడండి.