పచ్చ చుక్క, గోధుమ త్రికోణం: కొత్త మాంసం ఏ గుర్తు కిందికి?

2014 నమూనా నమోదు సర్వే లెక్కల్లో తెలంగాణవాళ్లు నూటికి 98 మందికి పైగా మాంసాహారులే. అలాంటప్పుడు జగిత్యాల జిల్లా ధర్మపురి కిరాణా దుకాణంలో ప్యాకెట్ మీది పచ్చ చుక్కను వెతికేది ఎవరు? ఈ మాంసాహారులే. ఆదివారం యాటకూర వండిన ఇంట్లోనే మరోరోజు ఒక్కపొద్దు ఉంటారు. ఇక్కడి నరసింహస్వామి, మన నర్సన్న దర్శనానికి వచ్చిన రోజు నీసు ముట్టనివాళ్లున్నారు, మాల వేసుకున్నన్ని రోజులు గుడ్డు కూడా తాకనివాళ్లున్నారు. తినేదీ మానేదీ ఒకే మనిషి కాబట్టి ఆ గుర్తు అందరికీ పనికొచ్చేదే. మాంసంలా కనిపించే, మాంసంలాగే నమిలే కొత్త సరుకు వస్తున్న కొద్దీ దాని అవసరం ఇంకా పెరుగుతుంది.

కొత్త సరుకు అంటున్నాం గానీ, అందులో ఒక రకం మనకు పాతదే. పెళ్లి భోజనాల్లో మీల్ మేకర్ కూర తిననివాళ్లు అరుదు. నూనె తీసేసిన సోయా పిండిని తడిపి, వేడి మీద, ఒత్తిడి మీద యంత్రంలోంచి బయటికి నెడితే పీచుపీచుగా ఉబ్బుతుంది. గోదావరి దాటి నిర్మల్, ఆదిలాబాద్ వైపు వెళ్తే నల్లరేగళ్లలో పండేది ఆ సోయానే. ఇప్పుడు మొక్కల కీమా, మొక్కల నగ్గెట్స్ అని అమ్ముతున్నవాటికి మూలం ఇదే పద్ధతి. దానికి బఠాణీ ప్రోటీన్, గోధుమ గ్లూటెన్, కొబ్బరి నూనె, రంగు, వాసన తోడయ్యాయి.

మన దేశంలో ఆహార నియమాలు చూసేది ఎఫ్ఎస్ఎస్ఏఐ. దాని 2020 లేబులింగ్ నిబంధనలు వస్తువు రూపాన్నీ రుచినీ పట్టించుకోవు, ఎక్కడి నుంచి పుట్టిందని మాత్రమే అడుగుతాయి. జంతువు, పక్షి, చేప, గుడ్డు, వీటి నుంచి వచ్చిన ఏ పదార్థం కలిసినా గోధుమరంగు చతురస్రంలో గోధుమ త్రికోణం వేయాలి. పాలు, పాల పదార్థాలు, తేనె, లక్క లాంటి కొన్నింటికి మినహాయింపు. తక్కినవాటికి పచ్చ చతురస్రంలో పచ్చ చుక్క. మునుపు మాంసాహారానికీ చుక్కే ఉండేది. పచ్చకూ గోధుమకూ తేడా తెలియని వర్ణాంధుల కోసం దాన్ని త్రికోణం చేశారు. మంచి మార్పే. కాకపోతే చిన్న ప్యాకెట్ మీద ఆ పచ్చ చుక్క మూడు మిల్లీమీటర్లుంటే చాలట, కళ్లజోడు తీసి తుడుచుకుని చూడాల్సిందే.

2022లో మూడో గుర్తు వచ్చింది. ఆకుపచ్చ చతురస్రంలో ‘వి’ అక్షరం, దాని మీద చిన్న ఆకు. అది వీగన్ ఆహారానిది. ఇందులో పాలూ తేనే కూడా ఉండకూడదు. తయారీలో ఏ దశలోనూ, చివరికి ఎంజైముల రూపంలో కూడా జంతు పదార్థం వాడకూడదు. ఒక్కపొద్దు విడిచాక పెరుగన్నం తినే మనిషికి ఈ గుర్తుతో పనిలేదు, పచ్చ చుక్క సరిపోతుంది.

చిక్కంతా చిన్న అక్షరాల్లో ఉంది. బ్రిటన్‌లో క్వోర్న్ అనే కంపెనీ బూజు జాతి ప్రోటీన్‌తో మాంసంలాంటి వంటకాలు చేస్తుంది. ముక్క విడిపోకుండా చాలావాటిలో గుడ్డు తెల్లసొన కలుపుతుంది. మన లెక్కలో దానికి గోధుమ త్రికోణమే. రుచి పెంచే 631 నంబరు పదార్థాన్ని మాంసం నుంచీ చేపల నుంచీ తీయవచ్చు, పులియబెట్టీ తయారు చేయవచ్చు. లేబుల్ మీద నంబరొక్కటే ఉంటే ఏ దారిన వచ్చిందో కొనేవాడికి ఎలా తెలుస్తుంది? ఇలాంటి కేసులోనే 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు కచ్చితంగా చెప్పింది: కోడ్ పేరు చాలదు, అది మొక్కదా, జంతువుదా, ప్రయోగశాలలో తయారైందా అన్నది ఎంత తక్కువ మోతాదున్నా చెప్పాల్సిందే.

ప్రయోగశాల మాంసం సంగతి వేరు. బతికున్న కోడి నుంచో మేక నుంచో కొన్ని కణాలు తీసి, చక్కెర, అమైనో ఆమ్లాలు, లవణాలున్న ద్రవంలో, పెద్ద తొట్లలో పెంచుతారు. ఇందులో మనవాళ్ల చెయ్యీ ఉంది. 2019లో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం హైదరాబాద్‌లోని కణజీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకీ, చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన కేంద్రానికీ ఈ పరిశోధన కోసం దాదాపు నాలుగున్నర కోట్ల రూపాయలిచ్చింది. విజయవాడలో పుట్టిన గుండె వైద్యుడు ఉమా వాలేటి అమెరికాలో స్థాపించిన అప్‌సైడ్ ఫుడ్స్‌కు 2023 జూన్‌లో అక్కడ అమ్మకానికి అనుమతి దొరికింది. లేబుల్ మీద ‘కణాల నుంచి పెంచిన కోడిమాంసం’ అనే అర్థం వచ్చేలా రాయాలన్న షరతుతో. మరుసటి ఏడాదే ఫ్లోరిడా రాష్ట్రం అలాంటి మాంసం అమ్మకాన్నే నిషేధించింది.

మన దగ్గర దీన్ని ఊరికే తెచ్చి అమ్మడానికి వీల్లేదు. 2017 నిబంధనల ప్రకారం ఇలాంటి కొత్త ఆహారానికి ముందుగా ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతి ఉండాలి. అనుమతి వచ్చిందే అనుకుందాం, గుర్తేది? చంపలేదు కాబట్టి పచ్చ చుక్క అడిగేవాళ్లు తప్పకుండా బయల్దేరతారు. కానీ నియమం అడిగేది చావు గురించి కాదు, పుట్టుక గురించి. కణం కోడిది కాబట్టి త్రికోణం తప్పదు. తమాషా ఏమిటంటే, మాంస ఉత్పత్తుల నియమాలు మాంసాన్ని వధించిన జంతువుతో ముడిపెట్టి చూస్తాయి. అంటే గుర్తు ప్రకారం ఇది మాంసాహారం, పేరు ప్రకారం మాంసం కాదు! నా మటుకు నాకు త్రికోణమే న్యాయం. పేరులో మాత్రం కణాల నుంచి పెంచిన సంగతి ముందువైపే, పెద్దక్షరాల్లో ఉండాలి. మాల వేసుకున్న మనిషికి ఆ రెండూ తెలియాలి, ఏది సమ్మతమో ఆయనే తేల్చుకుంటాడు.

ఇంకో లోటుంది. లేబుల్ వివరాలు ఇంగ్లిష్‌లో గానీ దేవనాగరి హిందీలో గానీ ఉంటే చాలు, తెలుగు కంపెనీ ఇష్టం. పైగా పచ్చ చుక్క అలర్జీ సంగతి చెప్పదు కాబట్టి సోయా, గోధుమలు పడనివాళ్లు దాన్ని చూసి ఊరుకోకూడదు. ఆ రెండింటిలో ఏది ఉన్నా అలర్జీ హెచ్చరికలో రాయడం తప్పనిసరి. అక్షరాలు కూడబలుక్కోవాల్సి వస్తే పక్కనున్న బడిపిల్లల చేత చదివించుకోవడం నయం. తప్పుడు లేబుల్ అనిపిస్తే ప్యాకెట్‌నూ బిల్లునూ పారేయకుండా, ప్యాకెట్ మీది పద్నాలుగంకెల లైసెన్సు నంబరుతో జగిత్యాల జిల్లా ఆహార భద్రతా అధికారికి ఫిర్యాదు చేయవచ్చు. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద అలాంటి లేబుల్‌కు మూడు లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది.