నచ్చిన స్టేషన్లో దిగుదాం

కొంత దూరం రైలు, కొంత దూరం కారు... ఇంటిల్లిపాదీ సొంతంగా వేసుకునే ఆల్ప్స్ ప్రయాణం

స్విట్జర్లాండ్‌లోని థూసిస్ నుంచి ఇటలీ సరిహద్దు దాటగానే వచ్చే టిరానో దాకా 122 కిలోమీటర్ల మీటర్ గేజి రైలు మార్గం ఉంది. దారిలో 196 వంతెనలు, 55 సొరంగాలు. 2008లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ పట్టాల మీద రెండు రకాల బళ్లు తిరుగుతాయి. ఒకటి బెర్నినా ఎక్స్‌ప్రెస్. కిటికీ అద్దాలు పైకప్పు దాకా వంగి ఉంటాయి. సీటు ముందే రిజర్వు చేసుకోవాలి, దానికి వేరే రుసుము. రెండోది మామూలు ప్యాసింజరు. అదీ ఎర్రటి బండే, అవే కొండలు, అవే వంతెనలు. రిజర్వేషన్ అక్కర్లేదు. కొన్ని బోగీల్లో అద్దం కిందికి దించి గాలికి మొహం పెట్టుకుని కూర్చోవచ్చు. మరీ చిన్న స్టేషన్ల దగ్గర మీట నొక్కితే ఆగుతుంది, దిగిపోవచ్చు.

కుటుంబంతో ఆల్ప్స్ చూడాలనుకునే వాళ్లు ఎవరడిగినా, ఈ రెండో బండే ఎక్కమంటాను.

ప్యాకేజీ టూర్లను తక్కువ చేయను. వీసా కాగితాలంటే బెదురు, తిండి దొరకదేమోనని బెంగ ఉన్న పెద్దవాళ్లు ఎందరో వాటి పుణ్యమా అని మంచుకొండ చూసొచ్చారు. కానీ అక్కడ ఎక్కడ ఆగాలో బస్సు నిర్ణయిస్తుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మకి ఒక బల్ల మీద అరగంట కూర్చోవాలనిపిస్తుంది. పిల్లకి వాగులో కాళ్లు పెట్టాలనిపిస్తుంది. ఆ కోరికలకు చోటుండాలంటే ప్రయాణం మనమే అల్లుకోవాలి. ఇంట్లో కూర్చుని వారాల తరబడి పటాలు, టైమ్ టేబుళ్లు ముందేసుకుని కష్టపడేది, అక్కడికి వెళ్లాక నచ్చినచోట దిగగలగడం కోసమే.

అందుకు స్విస్ రైళ్లు అనువుగా ఉంటాయి. 1982 నుంచి అక్కడ దేశమంతా ఒకే లయలో బళ్లు నడుస్తున్నాయి. 9 గంటల 4 నిమిషాలకు ఒక బండి ఉంటే 10 గంటల 4 నిమిషాలకూ ఉంటుంది, 11 గంటల 4 నిమిషాలకూ ఉంటుంది. పెద్ద జంక్షన్లలో అన్ని వైపుల బళ్లూ గంట కొట్టే ముందు చేరి, గంట దాటిన కాసేపటికి బయల్దేరతాయి. బండి మారడానికి ఆరేడు నిమిషాలే ఉందని టికెట్ చూసి కంగారు పడక్కర్లేదు. ఆ వ్యవధిని లెక్కగట్టే పెట్టారు. ఒకవేళ తప్పిపోతే తర్వాతిది ఉండనే ఉంది. ప్లాట్‌ఫారాల మీది గడియారాన్ని పిల్లలకు చూపించండి. 1944లో హాన్స్ హిల్‌ఫికర్ అనే ఇంజినీరు రూపొందించింది. తర్వాత చేర్చిన ఎర్రటి సెకన్ల ముల్లు 12 దగ్గరికొచ్చి ఒక్క క్షణం ఆగుతుంది, నిమిషం ముల్లు గెంతాక మళ్లీ కదులుతుంది.

స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే ఎన్నిసార్లు ఎక్కి దిగినా అదనపు ఖర్చు లేదు. 6 నుంచి 15 ఏళ్ల పిల్లలు తల్లిదండ్రుల పాస్ మీద ఫ్యామిలీ కార్డుతో ఉచితంగా ప్రయాణించవచ్చు. ఎత్తైన శిఖరాలకు వెళ్లే కొన్ని రైళ్లకు మాత్రం తగ్గింపే దొరుకుతుంది. ఇక సామాను. నాలుగు పెద్ద పెట్టెలు లాగుతూ నచ్చినచోట దిగడం కుదరని పని. స్టేషన్లో అప్పగించి రుసుము కడితే మన మజిలీ ఉన్న ఊరికి పెట్టెల్ని చేరుస్తారు. కాస్త వ్యవధి ఇవ్వాలి కాబట్టి ఒక రాత్రికి సరిపడా బట్టలు భుజాన సంచిలో ఉంచుకోవాలి.

దసరా సెలవులే మేలు

మన పిల్లలకు వేసవి సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలై జూన్ రెండో వారానికల్లా అయిపోతాయి. ఆల్ప్స్‌కి అది నడుమకాలం. ఎత్తైన కనుమ దారుల మీద ఇంకా మంచు ఉంటుంది, చాలా కేబుల్ కార్లు మరమ్మతుల కోసం ఆపేసి ఉంటాయి. లోయలు పచ్చగా, జలపాతాలు నిండుగా ఉన్నా, పైకి వెళ్లే దారులు మూసి ఉంటాయి. అందుకే దసరా సెలవులను ఎంచుకోమంటాను. పండగ సెప్టెంబరు చివర్లోనో అక్టోబరులోనో వస్తుంది. అప్పటికి యూరప్ వాళ్ల సెలవులు ముగిసి జనం పలచబడతారు. కనుమలు మామూలుగా తెరిచే ఉంటాయి. లార్చ్ చెట్లు బంగారు రంగుకు తిరగడం మొదలవుతుంది. సూదుల్లాంటి ఆకులుండే జాతే అయినా శీతాకాలానికి ఆకు రాల్చే చెట్టు అది.

షెంగెన్ వీసాకు ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు చేయవచ్చు. ఏ దేశంలో ఎక్కువ రోజులుంటామో ఆ దేశానికే పెట్టుకోవాలి, సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. కాబట్టి స్విట్జర్లాండ్‌లో ఎన్ని రాత్రులు, ఇటలీలో ఎన్ని అన్నది హోటళ్లు బుక్ చేయకముందే తేల్చుకోవాలి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. కారు నడిపేవారు రవాణా శాఖ కార్యాలయంలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. విమానం టికెట్ జూరిక్‌లో దిగి మ్యూనిక్‌లో ఎక్కేలా తీసుకుంటే, వెళ్లిన దారినే వెనక్కి రావాల్సిన పని తప్పుతుంది.

రాత్రికో ఊరు వద్దు. లోయకొక ఇల్లు తీసుకుని మూడు నాలుగు రాత్రులుండాలి. వంటగది ఉన్న ఇల్లయితే సగం బెంగ తీరినట్టే. బియ్యం, పెరుగు, కూరగాయలు అక్కడి కోఆప్, మీగ్రో దుకాణాల్లో దొరుకుతాయి. ఆదివారం మాత్రం ఊళ్లో అంగళ్లు మూసేస్తారు, శనివారమే కొనిపెట్టుకోవాలి. ఆవకాయ తీసుకెళ్లండి. నెయ్యి వద్దు; పాలతో, మాంసంతో చేసిన పదార్థాలను బయటి నుంచి తీసుకురావడాన్ని అక్కడ నిషేధించారు. నీళ్ల సీసాలు కొనక్కర్లేదు, తాగకూడదని రాసి ఉంటే తప్ప వీధి తొట్టెల్లో పారే నీళ్లు మంచివే.

లౌటర్‌బ్రున్నెన్ నుంచి తూర్పుకి

మొదటి మజిలీకి లౌటర్‌బ్రున్నెన్ లోయను మించింది నాకు కనిపించలేదు. రెండు వైపులా గోడల్లా నిలువు రాతికొండలు, ఊరి నెత్తిన దాదాపు 300 మీటర్ల ఎత్తు నుంచి దూకే స్టౌబాఖ్ జలపాతం. ఇక్కణ్నుంచి పళ్ల పట్టాల రైలు వెంగెన్‌కి ఎక్కుతుంది. వెంగెన్‌కి బయటి నుంచి కారు దారి లేదు. ఇంకా పైకి, 3,454 మీటర్ల ఎత్తులోని యుంగ్‌ఫ్రౌయోఖ్ దాకా రైలు వెళుతుంది. అడాల్ఫ్ గుయెర్-జెల్లర్ అనే పారిశ్రామికవేత్త పూనికతో 1896లో కొండ తొలచడం మొదలుపెట్టారు. ఆయన 1899లో పోయారు. రైలు పైకి చేరింది 1912లో. పైన గాలి పలచన కాబట్టి గుండె జబ్బున్న పెద్దవాళ్లు డాక్టరును అడిగి వెళ్లడం మంచిది. టికెట్ ఖరీదు ఎక్కువ. ఉదయాన్నే శిఖరం మీది వెబ్ కెమెరా చూసి, మబ్బు లేదంటేనే బయల్దేరాలి.

అక్కణ్నుంచి తూర్పుకి వెళ్లేటప్పుడు కొత్త పొడవాటి సొరంగం వదిలి కాండర్‌స్టెగ్, గోపెన్‌స్టైన్ మీదుగా వెళ్లే పాత లోట్ష్‌బెర్గ్ మార్గం పట్టండి. కార్లను కూడా రైలు మీదికి ఎక్కించి పదిహేను నిమిషాల్లో కొండ దాటించే దారి అది. గోపెన్‌స్టైన్ దగ్గర లోట్షెన్ లోయ తెరుచుకుంటుంది. ఆ లోయలోనే ఉండేది బ్లాటెన్ అనే ఊరు. 2025 మే 28న పైనున్న బిర్చ్ హిమానీనదం కూలి, రాళ్లూ మంచూ కలిసి ఊరిలో చాలా భాగాన్ని కప్పేశాయి. ముప్పును పసిగట్టి సుమారు 300 మందిని రోజుల ముందే ఖాళీ చేయించారు. ఇళ్లు, చర్చి, పొలాలు పోయాయి. మనం సెలవులకు వెళ్లే కొండల్లో జనం బతుకుతున్నారు. ఈ సంగతి పిల్లలకు ఆ స్టేషన్ దగ్గరే చెప్పాలి.

బ్రిగ్ దాటాక, ఆండర్‌మాట్ మీదుగా 2,033 మీటర్ల ఓబరాల్ప్ కనుమ ఎక్కేటప్పుడు చక్రాల కింద లోహం కరకరలాడుతుంది. పట్టాల మధ్యనున్న పళ్లను ఇంజిన్ చక్రం పట్టుకుని ఎక్కుతున్న చప్పుడది. ఈ పద్ధతి కనిపెట్టింది స్విస్ ఇంజినీరు కార్ల్ రోమన్ అప్ట్. ఊటీ బండి కల్లార్ నుంచి కూనూరుకు ఎక్కేదీ ఇదే పద్ధతిలో. దాని పాత ఆవిరి ఇంజిన్లు స్విట్జర్లాండ్‌లోని వింటర్‌టూర్‌లో తయారైనవే. మేం వెళ్లినప్పుడు "ఊటీ రైలు చప్పుడే కదరా ఇది" అని మా అమ్మ చప్పున పోల్చుకుంది.

బెర్నినాకు మాత్రం పళ్లు లేవు. వెయ్యి మీటర్ల దూరానికి 70 మీటర్లు ఎక్కే చోట్ల కూడా మామూలు పట్టాల మీదే, చక్రం పట్టుతోనే ఎక్కుతుంది. ఈ మార్గం 1910లో పూర్తయింది. పాంట్రెసీనాలో ఇల్లు తీసుకుని, ఒక రోజంతా దీనికే కేటాయించాలి.

మొదట మోర్టెరాచ్‌లో దిగండి. ఒకప్పుడు హిమానీనదం ఈ స్టేషన్‌కి దగ్గరదాకా వచ్చేది. ఇప్పుడు మంచును చేరాలంటే లోయలోకి చాలా దూరం నడవాలి. ఏ ఏడాదికి మంచు అంచు ఎక్కడుండేదో దారి పొడవునా పలకలు పెట్టారు. మా అమ్మాయి ఒక్కో పలక దగ్గరా ఆగి, "నానమ్మా, నువ్వు పుట్టినప్పుడు ఇక్కడిదాకా ఉండేది. నాన్న పుట్టేసరికి ఇదిగో ఇక్కడికి పోయింది" అని లెక్క చెబుతూ నడిచింది. 2022, 2023... ఈ రెండేళ్లలోనే స్విస్ హిమానీనదాల మంచులో పదో వంతు కరిగిపోయింది. ఏ పుస్తకమూ ఆ పలకలంత సూటిగా ఈ మాట చెప్పలేదు.

తర్వాత 2,253 మీటర్ల ఓస్పిట్సియో బెర్నినా. పక్కపక్కనే రెండు సరస్సులు. నల్ల సరస్సు నీరు డాన్యూబ్ గుండా నల్ల సముద్రానికి పోతుంది, తెల్ల సరస్సు నీరు పో నది గుండా ఏడ్రియాటిక్‌కి. రెంటి మధ్యా ఉన్నది చిన్న గట్టు. ఆ కింద ఆల్ప్ గ్రూమ్. కారు రాని చోటు, రైలు దిగితే ఎదురుగా పాలూ హిమానీనదం.

"అమ్మా, ఇక్కడ దిగుదామా?"

"మళ్లీ బండెప్పుడు?"

"గంటకి."

"అయితే తొందరేముంది, పద."

అక్కణ్నుంచి టిరానో దాకా 1,600 మీటర్లకు పైగా దిగుడే. మంచు పోయి పైన్ చెట్లు, ఆపైన చెస్ట్‌నట్ తోపులు, చివరికి ద్రాక్షతోటలు వస్తాయి. బ్రూసియో దగ్గర తొమ్మిది కమానుల వంతెన మీద రైలు గుండ్రంగా తిరిగి తన కిందనుంచి తనే వెళుతుంది. టిరానోలో వీధి మధ్యలోంచే నడుస్తుంది. శాకాహారులు అక్కడ పిట్సోకేరి అడగండి. బక్‌వీట్ పిండి పట్టీలు, బంగాళాదుంప, క్యాబేజీ, చీజ్ కలిపి చేస్తారు.

కారు ఎక్కడ?

కోమో సరస్సు ఒడ్డున వరెన్నాలో ఒక రాత్రి ఆగి, మిలాన్, వెరోనాల మీదుగా రైల్లోనే బోల్జానో చేరి అక్కడ కారు తీసుకోవాలి. స్విట్జర్లాండ్‌లో రైలు ఉండగా కారుకు డబ్బు పోయడం దండగ. కానీ ఇటలీలోని డోలమైట్స్ కొండల్లోకి రైలు పోదు. బస్సులు బాగానే ఉన్నాయి, చాలా హోటళ్లు ఉచిత బస్సు పాస్ కూడా ఇస్తాయి. కానీ తెల్లవారుజామున, సాయంత్రం ఎండ రాతి మీద గులాబీ రంగు పూసే వేళల్లో కనుమ మీద ఉండాలంటే సొంత బండి కావాలి. తీసుకున్న ఊళ్లోనే తిరిగి ఇచ్చేయండి. మరో దేశంలో అప్పగిస్తే అదనపు రుసుము బాగా పడుతుంది. ఆటోమేటిక్ గేర్ల బండి కావాలంటే ముందే అడగాలి. డిపాజిట్ కోసం నడిపేవారి పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి. పిల్లల సీటు తప్పనిసరి.

స్టీరింగ్ ఎడమవైపు, నడక రోడ్డుకి కుడివైపు. మొదటి పూట అలవాటు పడేదాకా లోయ రోడ్లలోనే తిరగాలి. దిగుడులో బ్రేకు మీదే కాలుంచితే వేడెక్కి పట్టు తప్పుతుంది. గేరు తగ్గించి ఇంజిన్‌తోనే వేగం ఆపాలి. ఇటలీ పాత ఊళ్ల నడిబొడ్డులో బయటివాళ్ల కార్లకు నిషేధమున్న వీధులుంటాయి, జెడ్‌టీఎల్ అన్న బోర్డు చూస్తే లోపలికి పోకూడదు. కెమెరా పట్టేస్తుంది, జరిమానా నెలల తర్వాత ఇంటికొస్తుంది. బ్రాయెస్ సరస్సుకు జులై, ఆగస్టుల్లో ముందుగా బుక్ చేసుకోని కార్లను రానివ్వరు.

సెల్లా కొండ చుట్టూ గార్దేనా, సెల్లా, పోర్దోయి, కంపోలోంగో అనే నాలుగు కనుమలను కలిపే దారి ఉంది. 2,239 మీటర్ల పోర్దోయి దగ్గర కారు ఆపి కేబుల్ కార్ ఎక్కితే 2,950 మీటర్లకు చేరతాం, మెట్లెక్కలేని పెద్దవాళ్లూ శిఖరం మీద నిలబడతారు. ఆ పాలిపోయిన రాయి సుమారు 25 కోట్ల నుంచి 20 కోట్ల ఏళ్ల కిందట టెథిస్ సముద్రంలో పగడపు దిబ్బలుగా, సున్నపు మడ్డిగా పేరుకుంది. మన హిమాలయాలు లేచిందీ ఆ సముద్రం మూసుకుపోయాకే.

బోల్జానోలోని పురావస్తు మ్యూజియం వదలొద్దు. 1991లో 3,210 మీటర్ల ఎత్తున మంచులో దొరికిన ఓట్జీ అక్కడున్నాడు. 5,300 ఏళ్ల నాటి మనిషి, భుజంలో బాణం ముల్లు. రాగి గొడ్డలి, ఎలుగు తోలు టోపీ, వెచ్చదనానికి గడ్డి కూరిన చెప్పులు. పిల్లల ప్రశ్నలకు మధ్యాహ్నమంతా సరిపోదు.

తిరుగు ప్రయాణం బోల్జానో నుంచి మ్యూనిక్‌కి నేరుగా వెళ్లే రైల్లో, 1,370 మీటర్ల బ్రెన్నర్ కనుమ మీదుగా. 1867లో వేసిన మార్గమిది. దీని కింద ఇప్పుడు 55 కిలోమీటర్ల సొరంగం తవ్వుతున్నారు, 2032లో తెరవాలన్నది లక్ష్యం. గోట్‌హార్డ్ కింద 57 కిలోమీటర్ల సొరంగం 2016లో తెరిచాక వేగంగా వెళ్లే బళ్లన్నీ చీకట్లోకి మళ్లాయి, పాత కొండదారిలో నెమ్మది బళ్లు మిగిలాయి. బ్రెన్నర్‌లోనూ అదే జరగొచ్చు. మ్యూనిక్ ఎక్స్‌ప్రెస్ కిటికీలోంచి ఈ కనుమను చూడాలనుంటే, ఆ సొరంగం తెరిచేలోపే టికెట్ తీసుకోండి.