రంజాన్‌లో వచ్చిన జకాత్ జూన్ ఫీజులదాకా నిలవాలంటే..

మన మొహల్లాల్లో చాలామంది జకాత్ రంజాన్‌లోనే తీస్తారు. రేషన్ కిట్లు, బట్టలు, చేతికి కొంత నగదు.. పండుగ నాటికి కమిటీ దగ్గర పెద్దగా ఏమీ మిగలదు. కానీ పేద కుటుంబం అవసరాలు ఒక్క నెలతో అయిపోవు కదా! పిల్లల ఫీజులు, పుస్తకాలు జూన్‌లో కావాలి. డెంగీ జ్వరాలు వానాకాలంలో వస్తాయి. డబ్బు వచ్చే నెలకూ, ఫీజులు కట్టే నెలకూ మధ్య దూరం ఏటా పెరుగుతోంది. కమిటీ పెద్దలూ, జకాత్ ఇచ్చే కుటుంబాలూ ఇద్దరూ ఆలోచించాల్సిన విషయమిది.

దూరం ఎందుకు పెరుగుతోంది?

ఇస్లామీ సంవత్సరానికి దాదాపు 354 రోజులే. అందుకే రంజాన్ ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2018లో మన దగ్గర ఈదుల్ ఫితర్ జూన్ 16న వచ్చింది. అంటే సరిగ్గా బడులు తెరిచే రోజుల్లోనే జకాత్ కూడా చేతికందింది. 2025లో పండుగ మార్చి 31న జరిగింది. బడులు తెరవడానికి ఇంకా రెండు నెలలకు పైగా ఉంది. లెక్కల ప్రకారం 2030లో రంజాన్ రెండుసార్లు మొదలవుతుంది. ఒకటి జనవరి మొదట్లో, మరొకటి డిసెంబరు చివర్లో. నెలవంకను బట్టి ఒకటి రెండు రోజులు అటూ ఇటూ కావచ్చు. అప్పటికి పండుగకూ బడికీ మధ్య నాలుగైదు నెలల ఎడం ఉంటుంది. పాత పద్ధతిలోనే పంచుకుంటూ పోతే జూన్‌లో తల్లి వచ్చి ఫీజు అడిగినప్పుడు కమిటీ దగ్గర జవాబుండదు.

కమిటీ చేయాల్సింది

రంజాన్‌కు రెండు నెలల ముందే మొహల్లాలో అవసరమున్న ఇళ్ల జాబితా రాసుకోవాలి. ఎవరికి ఏది, ఏ నెలలో కావాలో పక్కనే రాయాలి. ఉదాహరణకు ఒక కమిటీకి రూ. 6 లక్షల జకాత్ వచ్చిందనుకుందాం. రూ. 2 లక్షలు వెంటనే రేషన్, బట్టలకు, రూ. 2.5 లక్షలు జూన్ ఫీజులకు, రూ. 1.5 లక్షలు వైద్యానికి అని ముందే తీర్మానం చేసుకోవచ్చు.

జకాత్‌ను అలా నిల్వ పెట్టొచ్చా? ఇది షరీఅత్ ప్రశ్న. జకాత్ త్వరగా హక్కుదారులకు చేరాలన్నది అసలు మాట. ఎంతకాలం ఆపవచ్చనే దానిపై ఉలమాల అభిప్రాయాలు వేరువేరుగా ఉన్నాయి. కాబట్టి మీ ఊరి ముఫ్తీ సాబ్‌ను అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. జకాత్, ఫిత్రా, లిల్లాహ్ డబ్బు ఒకే ఖాతాలో కలపకండి. ఫిత్రా ఈద్ నమాజుకు ముందే చేరాలి. జకాత్‌ను మస్జిద్ కట్టడానికి వాడకూడదు. కరెంటు బిల్లు, ప్రింటింగ్ వంటివి లిల్లాహ్ ఖాతాలో రాయడమే మంచిది.

ఇచ్చేవాళ్ల చేతిలో ఉన్నది

జకాత్ రంజాన్‌లోనే ఇవ్వాలన్న నిబంధన లేదు. నిసాబ్‌కు మించిన సొమ్ముపై చాంద్రమాన సంవత్సరం నిండిన రోజున అది విధి అవుతుంది. పుణ్యం ఎక్కువని మనం రంజాన్‌ను ఎంచుకుంటాం, అంతే. నిసాబ్ ఉన్నవాళ్లు జకాత్‌ను ముందస్తుగా ఇవ్వొచ్చని హనఫీ ఉలమా సహా ఎక్కువమంది అంటారు.

లెక్క తేలికే. మీ దగ్గర జకాత్ వర్తించే సొమ్ము రూ. 4,80,000 ఉంటే రెండున్నర శాతం చొప్పున రూ. 12,000 అవుతుంది. జకాత్ నియ్యత్‌తో నెలకు రూ. 1,000 ఇస్తూ రాసుకోండి. ఏడాది చివర సొమ్ము రూ. 5,20,000 అయితే జకాత్ రూ. 13,000. మిగిలిన వెయ్యి రంజాన్‌లో ఇచ్చేస్తే సరి. ఇలా ఇరవై కుటుంబాలు ఇచ్చినా కమిటీకి నెలనెలా రూ. 20,000 వస్తుంది. డబ్బు నిల్వ పెట్టాలా వద్దా అన్న ప్రశ్న కూడా చాలావరకు తగ్గుతుంది.

చట్టం లెక్కలు

ఆదాయపు పన్ను శాఖలో నమోదైన ట్రస్టులు ఏడాది ఆదాయంలో 85 శాతం మార్చి 31లోపు ఖర్చు చేయాలి. రంజాన్ మార్చిలో వచ్చినప్పుడు ఇది ఇబ్బందే. మిగిలింది ఫలానా పనికని చెబుతూ గడువులోగా నిర్ణీత ఫారం దాఖలు చేస్తే ఐదేళ్లదాకా ఉంచుకునే వీలుంది. ఆడిటర్‌తో మార్చికి ముందే మాట్లాడుకోండి.

80జి రాయితీ రూ. 2,000 దాటిన నగదు విరాళానికి రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అసలే రాదు. కాబట్టి పన్ను మిగులుతుందని చెప్పి చందా అడిగే రోజులు తగ్గుతున్నాయి. ఖర్చు లెక్క చూపించగలిగితేనే జనం మళ్లీ ఇస్తారు.

గల్ఫ్‌లో పనిచేస్తున్న మనవాళ్లు భారత పాస్‌పోర్టుతో ఉండి, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న బంధువు పంపితే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేని కమిటీ దాన్ని తీసుకోకూడదు. డబ్బు పంపేముందే ఈ సంగతి వాళ్లకు చెప్పండి.

పండుగ తర్వాతి జుమాకు ఒక్క కాగితం మస్జిద్ బోర్డుపై అంటించండి. ఎంత వచ్చింది, ఎంత పంచాం, జూన్‌కు ఎంత ఉంచాం. తీసుకున్నవాళ్ల పేర్లు మాత్రం రాయొద్దు, వాళ్ల ఇజ్జత్ మన దగ్గర అమానత్. జూన్‌లో ఫీజులు కట్టాక ఆ రసీదుల మొత్తం కూడా అదే బోర్డుపై పెట్టండి. నెలనెలా ఇస్తామని ముందుకొచ్చే కుటుంబాలు అప్పుడు పెరుగుతాయి, ఇన్షా అల్లాహ్.