ఉద్యోగం మారమంటారా డాక్టరుగారూ?

ఛాతీలో మంట, మెడనొప్పి, రాత్రి రెండింటికల్లా మెలకువ. ఈ మూడింటితో వచ్చాడు ఎల్బీనగర్‌లో ఉండే ముప్పై అయిదేళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఈసీజీ తీయిస్తే బాగానే ఉంది. రక్తపోటు మాత్రం 148/96. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. అంటే మధుమేహం ఇంకా ఇంట్లోకి రాలేదు గానీ గుమ్మంలో నిలబడి ఉంది. నేను మందులు రాస్తుంటే నెమ్మదిగా అడిగాడు. ‘‘సార్, వేరే కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. నలభై అయిదు శాతం హైక్. సాయంత్రం ఆరు నుంచి షిఫ్ట్. మారమంటారా?’’

పక్కన కూర్చున్న భార్య నా వైపు చూడలేదు, అతని వైపు చూసింది. ఆ ఇంట్లో ఈ విషయం మీద అప్పటికే చాలా రాత్రులు చర్చ జరిగిందని ఆ చూపే చెప్పింది.

పదేళ్ల కిందటైతే ‘అది నన్ను అడిగే ప్రశ్న కాదు’ అని నవ్వేసేవాడిని. ఇప్పుడలా అనలేను. రోజులో పది పన్నెండు గంటలు ఎక్కడ, ఎలా గడుస్తున్నాయన్నది నేను రాసే మాత్రల కంటే రక్తపోటు మీద ఎక్కువ పనిచేస్తున్న మనుషుల్ని చాలామందినే చూశాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో విడుదల చేసిన అంచనా ఒకటుంది. వారానికి 35-40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకంటే ఎక్కువ పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువ. మన దగ్గర వారానికి 55 గంటలన్నది పెద్ద విషయంగా చెప్పుకోరు కూడా. ‘ఈ వారం కాస్త లైట్‌గా ఉంది’ అనుకునేవాళ్లున్నారు.

చీటీ వెనకాల లెక్క

ఆమె ఒక ఆడిటర్ దగ్గర అకౌంటెంట్. ‘‘ఒక్క నిమిషం సార్’’ అని నా బల్ల మీది చీటీ ఒకటి తీసుకుని వెనక్కి తిప్పి లెక్క వేసింది. ఆ లెక్క మీరూ వేసుకోవచ్చు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను.

ఇప్పుడు ఏడాదికి 10 లక్షల ప్యాకేజీ. నెలకు చేతికొచ్చేది 72 వేలు. కొత్తది 14.5 లక్షలు. అందులో లక్షన్నర వేరియబుల్ పే, లక్ష జాయినింగ్ బోనస్. బోనస్ ఒక్కసారే వస్తుంది, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలి. కంపెనీ వేసే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ కూడా ప్యాకేజీలోనే కలిపేశారు. ఇవన్నీ, పెరిగే ఆదాయ పన్నూ తీసేస్తే నెలనెలా కచ్చితంగా చేతికందేది దాదాపు 82 వేలు. నలభై అయిదు శాతం కాస్తా పద్నాలుగు శాతానికి దిగింది.

తరవాత గంటలు. ఇప్పుడు ఆఫీసులో తొమ్మిది గంటలు. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి హైటెక్ సిటీలో దిగడానికి రానూపోనూ రెండున్నర గంటలు. కొత్త ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో. అక్కడికి మెట్రో లేదు. క్యాబ్ సాయంత్రం నాలుగింటికే వస్తుంది, తెల్లవారుజామున అందర్నీ దించుకుంటూ తిరిగొస్తుంది. ప్రయాణం మూడు గంటలు. పని కాగితం మీద తొమ్మిది గంటలే గానీ, అక్కడ చేస్తున్న స్నేహితుడు పది అని చెప్పాడట. నెలకు 22 పనిదినాలనుకుంటే ఇప్పుడు ఉద్యోగానికి పోతున్నవి 253 గంటలు, కొత్తచోట 286. జీతాన్ని గంటలతో భాగిస్తే ఇప్పుడు గంటకు 285 రూపాయలు, కొత్తచోట 287.

రెండు రూపాయల తేడా. వేరియబుల్ పూర్తిగా చేతికొచ్చినా గంటకు 330, అంటే పదహారు శాతం పెరుగుదల. ఆఫర్ లెటర్‌లో ఈ అంకె ఎక్కడా కనిపించదు.

మరో సంగతి కూడా ఆమే పట్టుకుంది. ప్రస్తుత కంపెనీలో అతనికి నాలుగేళ్ల ఎనిమిది నెలల సర్వీసు ఉంది. గ్రాట్యుటీకి అయిదేళ్లు నిండాలి. ఏడాదికి పదిహేను రోజుల వేతనం చొప్పున, నెలకు 33 వేల బేసిక్ మీద అది దాదాపు 95 వేలవుతుంది. మూడు నెలల నోటీసు పోగా ఇంకొక్క నెల ఆగితే ఆ డబ్బు అతనిదే. ఆఫర్ వచ్చిన సంబరంలో ఇలాంటి లెక్క ఇంట్లో ఒక్కరైనా వేయాలి.

రాత్రిని పగలు చేసుకుంటే

లెక్క ఆమె చెప్పింది, శరీరం సంగతి నేను చెప్పాలి. మన ఒంట్లో ఒక గడియారం ఉంది. రాత్రిపూట ఇన్సులిన్ పగలు పనిచేసినంత చురుగ్గా పనిచేయదు. పగలు తిన్న అన్నమే అర్ధరాత్రి తింటే రక్తంలో చక్కెర ఎక్కువ పెరుగుతుంది. నిద్రకు తోడ్పడే మెలటోనిన్ హార్మోన్ చీకట్లో ఊరుతుంది, వెలుతురుకు తగ్గిపోతుంది. పగటి నిద్ర ఎన్ని గంటలు పోయినా పలచగా, ముక్కలుగా ఉండేది అందుకే. దానికి తోడు కుక్కర్ విజిళ్లు, కొరియర్ వాళ్లు, స్కూలు నుంచి వచ్చే పిల్లలు. ఏళ్ల తరబడి రాత్రి షిఫ్టులు చేసేవారిలో మధుమేహం, ఊబకాయం, గుండెజబ్బులు ఎక్కువగా కనిపిస్తున్నాయని అనేక అధ్యయనాలు చెబుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రాత్రి షిఫ్టు పనిని ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే వర్గంలో 2007లో చేర్చింది, 2019లో మళ్లీ సమీక్షించి అందులోనే ఉంచింది.

రాత్రి పనిచేసే ప్రతి ఒక్కరికీ జబ్బు వస్తుందని దీనర్థం కాదు. నర్సులు, పోలీసులు, రైల్వే సిబ్బంది రాత్రులు పనిచేయకపోతే మనకు తెల్లారదు. కానీ తండ్రికి మధుమేహం, తనకు 6.2, పైన రక్తపోటు ఉన్న మనిషి రాత్రి షిఫ్టుకు వెళ్లడం, ఏ సమస్యా లేని పాతికేళ్ల కుర్రాడు వెళ్లడం ఒకటి కాదు. ఒకే ఆఫర్ ఒకరికి బాగుండి మరొకరికి బాగుండకపోవచ్చు. అందుకే ఉద్యోగం మారే ముందు ఒకసారి రక్తపోటు, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోమంటాను. కొత్త కంపెనీ చేయించే వైద్య పరీక్ష వాళ్ల కోసం. ఇది మీ కోసం.

అమ్మానాన్నల కార్డు

ఉద్యోగం మారేటప్పుడు మధ్యతరగతి ఇళ్లలో అందరూ మరచిపోయేది ఇదే. నా దగ్గరకు వచ్చే మరొక కుటుంబంలో కొడుకు కంపెనీ మారిన రెండో నెలలో తండ్రికి గుండెపోటు వచ్చింది. స్టెంట్ వేశారు, బతికాడు. బిల్లు కౌంటర్ దగ్గర కార్డు ఇచ్చాకే తెలిసింది, కొత్త కంపెనీ బీమా భార్యాపిల్లలకే గానీ తల్లిదండ్రులకు వర్తించదని. పాత కంపెనీలో వర్తించేది. మూడు లక్షలకు పైగా చేతి నుంచి పెట్టుకున్నారు. హైక్ ఎంత వచ్చిందని నేను అడగలేదు.

కంపెనీ ఇచ్చే గ్రూప్ బీమా సాధారణంగా మీ ఆఖరి పనిదినంతో ముగుస్తుంది. పాత చోట మానేసి కొత్త చోట చేరేలోపు పది రోజులు ఖాళీ ఉంటే ఆ పది రోజులూ ఇంటిల్లిపాదీ బీమా లేకుండా ఉన్నట్టే. గ్రూప్ పాలసీల్లో చాలావాటికి ముందునుంచీ ఉన్న జబ్బులకు మొదటి రోజు నుంచే రక్షణ ఉంటుంది. అదే సొంతంగా పాలసీ కొంటే అలాంటి జబ్బులకు మూడేళ్ల దాకా ఎదురుచూడాల్సి రావచ్చు. అయితే గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీకి మారే వెసులుబాటు ఉంది. గ్రూప్‌లో గడిచిన కాలాన్ని వెయిటింగ్ పీరియడ్‌లో కలిపి లెక్కిస్తారు. ఆ దరఖాస్తు ఉద్యోగంలో ఉండగానే పెట్టుకోవాలి. రాజీనామా లేఖ పంపే రోజే హెచ్‌ఆర్‌కు ఈ విషయం మీద కూడా మెయిల్ పెట్టండి.

గర్భంతో ఉన్నవారు, త్వరలో బిడ్డను కనాలనుకునేవారు ఒక అంకె గుర్తుంచుకోవాలి. వేతనంతో కూడిన ప్రసూతి సెలవు హక్కు రావాలంటే ప్రసవానికి ముందు పన్నెండు నెలల్లో ఆ సంస్థలో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. అయిదో నెలలో ఉద్యోగం మారేవాళ్లు క్యాలెండర్ ముందేసుకుని కూర్చోవాలి.

అలసట ఉద్యోగానిదేనా?

మారడానికి అందరికీ ఆఫర్లే కారణం కాదు. ‘ఇక నావల్ల కాదు’ అని మానేయాలనుకునేవాళ్లే ఎక్కువ. నలభై ఒక్కేళ్ల టీచర్ ఒకావిడ మెట్లెక్కితే ఆయాసం, క్లాసులో చిరాకు, ఆదివారం సాయంత్రం ఏడుపు అంటూ వచ్చారు. రాజీనామా రాసి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకు తిరుగుతున్నారు. హిమోగ్లోబిన్ చూస్తే 8.1. నెలసరిలో అధిక రక్తస్రావం, ఆ విషయం ఎవరికీ చెప్పలేదు. దానికి చికిత్స చేయించుకుని, నాలుగు నెలలు ఐరన్ వాడాక ఆవిడ ఉత్తరం చింపేశారు. స్కూలు మారలేదు, హెడ్‌మాస్టరూ మారలేదు.

రక్తహీనత, థైరాయిడ్ లోపం, బీ12 లోపం, గురకతో నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా... ఇవన్నీ ‘ఉద్యోగం మీద విసుగు’ వేషంలో వస్తాయి. డిప్రెషన్ అయితే మరీను. రెండు వారాలకు మించి మనసు బాగాలేకపోవడం, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం ఉంటే ముందు చికిత్స, తరవాతే రాజీనామా. ఆ స్థితిలో తీసుకున్న నిర్ణయాలకు తరవాత బాధపడినవాళ్లను చూశాను. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

జబ్బేమీ లేదని తేలాక, బర్నవుట్ సంగతి చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బు అనలేదు, పనికి సంబంధించిన స్థితి అంది. పూర్తిగా అలసిపోవడం, పని మీద వెగటు, తను ఏమీ సాధించడం లేదన్న భావన దాని గుర్తులు. ఒక చిన్న ఉపాయం చెబుతుంటాను. మామూలు పనివారంలో ఏడు రోజులు పొద్దున్నే రక్తపోటు చూసి రాసుకోండి. సెలవు పెట్టి ఊరెళ్లిన వారంలోనూ అలాగే రాయండి. పై అంకె పది, పదిహేను తగ్గిందనుకోండి, ఆ కాగితం తీసుకుని నా దగ్గరకు రండి, మాట్లాడదాం. సెలవులోనూ తగ్గకపోతే కారణం ఆఫీసు ఒక్కటే అనుకోకండి.

ఇంకో మాట. పని ఎక్కువైనందుకే మనిషి నలిగిపోతాడనుకుంటాం. లండన్‌లో ప్రభుత్వోద్యోగుల మీద దశాబ్దాల పాటు సాగిన వైట్‌హాల్ అధ్యయనాలు మరో కోణం చూపించాయి. గుండెజబ్బులు పై అధికారుల కంటే కింది గ్రేడుల వారిలోనే ఎక్కువ. తన పని మీద తనకు పట్టు లేకపోవడం అందుకు ఒక ముఖ్య కారణంగా తేలింది. కాబట్టి కొత్త ఆఫీసులో ఎన్ని గంటలని మాత్రమే కాదు, అక్కడ మీ మాట ఎంత చెల్లుతుందో కనుక్కోండి. హెచ్‌ఆర్‌ను అడిగితే తెలియదు. ఆ టీమ్‌లోనే పనిచేసేవారిని ‘పోయిన పండక్కి సెలవు దొరికిందా? మీకు ముందు ఈ సీట్లో ఉన్నాయన ఎందుకు మానేశాడు?’ అని అడగండి. రెండో ప్రశ్నకు వచ్చే మౌనం కూడా జవాబే.

మారాక మొదటి నెలల్లో అంతా బాగుందనిపించడం సహజం. ఉన్నత స్థాయి మేనేజర్ల మీద జరిగి 2005లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం దీనికి హనీమూన్-హ్యాంగోవర్ అని పేరే పెట్టింది. మారగానే సంతృప్తి పెరుగుతుంది, ఆ తరవాత తగ్గుతుంది. చేరిన నెలకే ‘ఎంత మంచిపని చేశానో’ అని బంధువులకు ఫోన్లు చేయకండి, ఏడాదికే ‘పొరపాటు చేశాను’ అని కుంగిపోవద్దు కూడా. మార్పులన్నీ ఒకేసారి పెట్టుకోకపోవడం మంచిది. 1967లో హోమ్స్, రాహే అనే ఇద్దరు జీవితంలోని మార్పులకు ఒత్తిడి మార్కులు వేశారు. పెళ్లికి 50, వేరే రకం ఉద్యోగానికి 36, ఇల్లు మారడానికి 20, పిల్లల బడి మారడానికి మరో 20. అమెరికా లెక్క మనకు అచ్చంగా వర్తించదు గానీ, మార్కులు కూడుకుంటూ పోతాయన్నది మాత్రం ఎక్కడైనా నిజమే. కొత్త ఉద్యోగం, కొత్త ఫ్లాటు, కొత్త స్కూలు అన్నీ ఒకే జూన్‌లో అన్నవాళ్లు జులైలో నా దగ్గర తేలుతుంటారు.

మళ్లీ ఆ దంపతుల దగ్గరకు వద్దాం. లెక్క చూశాక అతను మానుకుంటాడనుకున్నాను. కాసేపు ఆగి అసలు విషయం చెప్పాడు. చెల్లెలి పెళ్లికి తండ్రి ఊళ్లో తెచ్చిన అప్పు ఆరు లక్షలు. నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే నెలకు 12 వేలు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది ఆఫీసు తలచుకుని కాదు, ఆ అప్పు తలచుకుని. దానికి నేనేం మందు రాయను? గంటకు రెండు రూపాయలే అయినా నెలకు పది వేలు పది వేలే. వద్దనలేదు.

ముగ్గురం కూర్చుని కొన్ని మాటలు అనుకున్నాం. చేరే తేదీ నెల వెనక్కి జరపమని అడగాలి. గ్రాట్యుటీ చేతికొస్తుంది, ఈలోపు అమ్మానాన్నల పాలసీ పని అవుతుంది. గ్రాట్యుటీ, బోనస్ రెండూ నేరుగా అప్పులోకే. షిఫ్ట్ వారానికోసారి మారకుండా ఒకే వేళ ఉండేలా ముందే రాయించుకోవాలి. భోజనం సాయంత్రం బయల్దేరే ముందే ఇంట్లో, అర్ధరాత్రి క్యాంటీన్ బిర్యానీ లేదు. పడగ్గదికి మందపాటి కర్టెన్లు, మధ్యాహ్నం రెండింటి దాకా ఫోన్ ఆమె దగ్గర. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ, ఇంట్లో బీపీ మిషను. 6.5 దాటితే పగటి షిఫ్ట్ వెతుక్కోవాలి, ఏడాదిన్నరకు మించి ఎలాగూ ఉండకూడదు. ఈ చివరిది ఆమె పెట్టిన షరతు. అతను తలూపాడు. ఆమె ఊరుకోలేదు, నోటితో చెప్పించింది.

కంపెనీ మూడు వారాలు ఇస్తామంది, ఇతను పట్టుబట్టి నెల చేయించుకున్నాడు. చేరి ఇప్పటికి రెండున్నర నెలలు. వచ్చే మంగళవారం పరగడుపున రక్తపరీక్షకు రావాలి. తెల్లవారి అయిదింటికి ఇంటికి చేరే మనిషికి పరగడుపు ఎప్పుడో మొన్న ఫోన్‌లో లెక్కగట్టి చెప్పాల్సి వచ్చింది. ఫోన్ చేసింది ఆమే.