ఇంటిగోడకు ఫైబర్ సిమెంటు పలకల తొడుగు

మాదాపూరులోని సైబర్ టవర్స్ భవనము 1998 నవంబరులో ప్రారంభింపబడెను. ఆనాటి నుండి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట గ్రామములు ఒకదాని వెంట నొకటి నగరములో కలిసిపోయినవి. అచ్చటి కట్టడములలో పనిచేసి స్వగ్రామములకు తిరిగి వచ్చు మేస్త్రీలు, వడ్రంగులు, వెల్డింగు పనివారు కూలిడబ్బులతో పాటు క్రొత్త వస్తువుల పేర్లను కూడ వెంట తెచ్చుచున్నారు. అట్టివానిలో నొకటి కర్మాగారముననే రంగు పూయబడి వచ్చు ఫైబర్ సిమెంటు పలక. దీనిని ఇంటి వెలుపలి గోడకు తొడుగుగా బిగింతురు. మేడమీద తేలికయైన గది వేసికొనువారును, పడమటి గోడ ప్రతి వానకాలమును చెమ్మగిల్లి విసిగినవారును దీనిని గూర్చి పంచాయతీ సభ్యులనే ముందుగా అడుగుచున్నారు. అందుచే ఈ పనిలోని మంచిచెడ్డలను ఇచ్చట వివరింపదలచితిమి.

సిమెంటు, మెత్తని ఇసుక, కలప గుజ్జునుండి తీసిన నార, నీరు కలిపి, పలుచని పొరలుగా పరచి, అదిమి, ఆవిరి ఒత్తిడిలో ఉడికించి ఈ పలకను తయారుచేయుదురు. పొరలుగా పరచు పద్ధతిని కనిపెట్టి 1901లో పేటెంటు పొందినవాడు ఆస్ట్రియా దేశీయుడగు లుడ్విగ్ హాట్షెక్. అయితే ఆయన వాడినది కలప నార కాదు. రాతినార, అనగా ఆస్బెస్టాస్. హైదరాబాదులో 1946లో స్థాపింపబడిన హైదరాబాద్ ఆస్బెస్టాస్ సిమెంట్ ప్రొడక్ట్స్ కంపెనీ చేసిన చార్మినార్ రేకులను ఎరుగని పల్లె మనకు లేదు. ఆ కంపెనీయే తరువాత హైదరాబాద్ ఇండస్ట్రీస్ అను పేరు వహించి, ఆస్బెస్టాస్ లేని వస్తువులను కూడ చేయసాగెను. 1981లో ఏర్పడిన విశాక ఇండస్ట్రీస్ నల్లగొండ జిల్లాలో ఆస్బెస్టాస్ లేని పలకలను చేయుచున్నది.

ఈ చరిత్రను చెప్పుటకు కారణము కలదు. పాత సిమెంటు రేకును, క్రొత్త పలకను ఒకే వస్తువుగా భావించువారు పెక్కుమంది. ఆస్బెస్టాస్ అన్ని రకములును క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టముగా చెప్పినది. కనుక కొనునప్పుడు దుకాణదారుని నోటిమాటతో తృప్తిపడక, ఆస్బెస్టాస్ లేదని బిల్లుపై వ్రాయించుకొనవలెను. పలకపై ఐ.ఎస్. 14862 అను భారత ప్రమాణపు గుర్తు ఉన్నదేమో చూడవలెను. ఆ ప్రమాణము వెలుపలి పనికి తగినవానిని ఎ రకముగాను, లోపలి పనికి తగినవానిని బి రకముగాను వేరుచేయుచున్నది. లోకప్పుకు వాడు చౌక పలకను తెచ్చి వానగోడకు బిగించినచో రెండు మూడు ఏండ్లలో అంచులు ఉబ్బి పొరలు లేచుటలో ఆశ్చర్యము లేదు.

ఇక అసలు విషయము. పలక వానను ఆపునను నమ్మకము సగమే నిజము. గాలితో కొట్టు వాననీరు అతుకుల నుండి, కిటికీ పక్కల నుండి కొంత లోపలికి పోక మానదు. ఆ నీరు మరల బయటికి పోవు దారి ఉన్నచో ఇల్లు పొడిగా నుండును. దారి లేనిచో పలక వెనుకనే నిలిచి గోడను నాననిచ్చును. వెలుపల చూచువారికి క్రొత్త రంగు నిగనిగలాడుచుండగా లోపలి గోడకు బూజు పట్టును. కావున ఈ పనిలోని మంచిచెడ్డలు పలకలో లేవు, పలక వెనుక నున్నవి.

పాత గోడలో పగుళ్ళున్నచో ముందుగా వానిని పూడ్చవలెను. నేలనుండి పైకి ప్రాకు చెమ్మ ఈ తొడుగుతో మానదు, కప్పబడును. అట్టి గోడకు ముందు చికిత్స కావలెను. పిమ్మట నీటిని ఆపి ఆవిరిని విడుచు పొరను గోడకు పరచి, దానిపై జస్తాపూత గల ఇనుప బద్దెలను నిలువుగా బిగింపవలెను. బద్దెకు బద్దెకు నడుమ 2 అడుగులకు మించరాదు. గాలి తాకిడి హెచ్చుగా నుండు మేడమీద 16 అంగుళములకు మించకుండుట మేలు. బద్దెలు నిలువుగా నుండుటచే వాని నడుమ నీరు క్రిందికి జారును, గాలి పైకి పోవును. పడమటి ఎండ గోడకు నేరుగా తగులకపోవుటయు, నడుమ గాలి ఆడుటయు మన వేసవిలో చిన్న లాభము కాదు. క్రింది తెరపిని మూయరాదు. ఎలుకలు, పురుగులు దూరకుండ జల్లెడరేకు మాత్రము అమర్చవలెను. కొందరు మేస్త్రీలు అందము కొరకు ఆ తెరపిని సిమెంటుతో పూడ్చుదురు. దానికన్న ఆ పని చేయింపకుండుటయే మేలు.

పలకలను క్రిందినుండి పైకి బిగింపవలెను. మొదటి వరుస నేలకు కనీసము 6 అంగుళముల ఎత్తున ఉండవలెను. ఆ వరుసను నూలుతాడుతోను, రసమట్టముతోను సరిచూడవలెను. అది వంకరపోయిన పిదప పై వరుసలు సరిపడవు. పెంకుటిల్లు ఎరిగినవారికి తక్కిన పద్ధతి చెప్పనక్కరలేదు. పై పెంకు క్రింది పెంకును కప్పినట్లు, పై పలక క్రింది పలకను అంగుళమునకు పైగా కప్పవలెను. మరమేకులు జస్తాపూత గలవి గాని, తుప్పు పట్టని ఉక్కువి గాని కావలెను. పలక పై అంచున బిగించినచో తరువాతి వరుస ఆ తలలను కప్పివేయును. రంగు పలక ముఖముపై మేకు కొట్టుట తగదు. రెండు పలకల చివరలు బద్దెపైననే కలియవలెను, ఆ అతుకు వెనుక నీటిని త్రిప్పు రేకు ముక్క నుంచవలెను. కిటికీ తలుపుల చట్రముల వద్ద మాత్రము ఎనిమిదవ వంతు అంగుళము సందు విడిచి, సాగు గుణము గల సీలెంటుతో నింపవలెను. కిటికీపై నుండు రేకు తొడుగు క్రింది అంచును సీలెంటుతో మూయరాదు; నీరు బయటపడు దారి అదియే.

ముందే రంగు వేసిన పలకకు మరికొన్ని జాగ్రత్తలు అవసరము. కోసిన ప్రతి అంచుకును కంపెనీ ఇచ్చిన రంగును వెంటనే పూయవలెను, ఏలయన నీరు త్రాగునది ఆ పచ్చి అంచే. వచ్చిన సరుకును నేలపై గాక చెక్కలపై సమముగా పేర్చి, వాన తగులకుండ కప్పవలెను. తడిసిన పలకను బిగించినచో అది ఆరి కుంచించుకొనగా అతుకులు తెరచుకొనును. మోయునప్పుడు ఇద్దరు చేరి నిలువు అంచున పట్టవలెను. అడ్డముగా పట్టిన పొడుగు పలక నడుమ విరుగును.

పలక నష్టము డబ్బుతో తీరును. దుమ్ము నష్టము అట్లు కాదు. ఈ పలకలో ఆస్బెస్టాస్ లేకపోయినను ఇసుక యున్నది. గిరగిర తిరుగు గ్రైండరుతో కోసినప్పుడు లేచు తెల్లని పొడిలో కంటికి కనబడని సిలికా రేణువులుండును. అవి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ కలిగించును. దానిని నయము చేయు మందు లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ఈ వ్యాధిని ప్రభుత్వమునకు తెలియజేయవలసిన వ్యాధులలో చేర్చినది. ముఖమునకు తువ్వాలు కట్టుకొనుట చాలునని మన పనివారు తలచుచున్నారు. చాలదు. గట్టి కత్తితో గీటు పెట్టి విరుచుట, చేతి కత్తెరతో కత్తిరించుట మేలైన పద్ధతులు. రంపము తప్పనిచో దుమ్మును పీల్చు యంత్రము తగిలించి, ఇంటికి దూరముగా, గాలి వీచు దిశను చూచుకొని, ఎన్-95 స్థాయికి తగ్గని ముసుగు ధరించి కోయవలెను. రాలిన పొడిని పొడిచీపురుతో ఊడ్వక, నీరు చల్లి ఎత్తవలెను. పిల్లలను ఆ ఛాయలకు రానీయరాదు. ముసుగుల వెల పలకల వెలలో ఎన్నవ వంతు? అయినను అంచనాలలో అది కానరాదు. పాత ఆస్బెస్టాస్ రేకులను తొలగించు సందర్భమున మరింత జాగ్రత్త కావలెను: వానిని విరువక, కోయక, తడిపి, మేకులు విప్పి నిండు రేకులుగానే దించవలెను.

పంచాయతీ భవనమునకో, అంగన్‌వాడీ కేంద్రమునకో ఈ పని చేయించునప్పుడు సభ్యులు పలకలు బిగించిన పిమ్మట వచ్చి చూచినచో చూచుటకేమియు మిగులదు. బద్దెలు, పొర, క్రింది తెరపి పూర్తియైన దినముననే ఇంజనీరును పిలిపించి, కొలతల పుస్తకమున వ్రాయించి, ఫోటోలు తీయించి, అటుపిమ్మట పలకలకు అనుమతి నీయవలెను. మొదటి వాయిదా సొమ్మును ఆ తనిఖీకి ముడిపెట్టుట ఉపాయము. గుత్తేదారు తొందరపడును, సహజమే. ఒక దినము ఆగుటవలన ఆయనకు వచ్చు నష్టము స్వల్పము.

పని ముగిసిన తరువాత రెండు మూడు నిండు పలకలను, మిగిలిన రంగు డబ్బాను భవనములోనే భద్రపరచవలెను. ఒక తయారీకిని మరియొక తయారీకిని రంగు ఛాయలో భేదము వచ్చును గనుక, బండి తగిలి ఒక పలక పగిలిననాడు అంగడిలో దొరకునది గోడకు సరిపోకపోవచ్చును.